ఎవరి లెక్కలో?

(రాజమహేంద్రవరంలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసాలకు ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి పేరిట సభ జరుగుతోందో ఆయన్ని మొదటి పది నిమిషాలూ పొగిడి, ఆ తర్వాత వక్త తనకు తెలిసిన విషయంలోకి జారుకుంటాడు. నేను ఆ వరస తప్పుతాను. మాస్టారి పేరు నా వెనక బ్యానరు మీద పెద్ద అక్షరాలతో ఉంది. నేను మాత్రం మాస్టారు అనే అంటాను. ఈ హాల్లో సగం మందికి ఆయనకి ఇంకో పేరుందన్న సంగతే గుర్తుండదు. ఆయన ప్రస్తావన రావలసినచోట వస్తుంది.

నాకిచ్చిన అంశం జీవిత సాఫల్యం. ముప్ఫై ఏళ్ళవాడికి ఇచ్చి ఉంటే ధాటిగా మాట్లాడేవాడు. డెబ్బై దాటినవాడికి ఇవ్వడంలో నిర్వాహకుల కొంటెతనం కొంత ఉందని నా అనుమానం. మన ఊళ్ళో జీవిత సాఫల్య పురస్కారాలకు లోటు లేదు. ఒక శాలువా, ఒక జ్ఞాపిక, నాలుగు ఫొటోలు. నాకూ దక్కాయి. ఇచ్చేముందు నా జీవితం సఫలమైందో లేదో ఎవరైనా లెక్క చూశారా అంటే, చూడలేదు. వయసు చూశారు, ఊళ్ళోనే ఉన్నాడు పిలిస్తే వస్తాడని చూశారు.

లెక్క చూడాలంటే మాత్రం ఎవరి పుస్తకం తెరవాలి? నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్నే. ఒక మనిషి బతుకు ఒక్క ఖాతా పుస్తకంలో ఉండదు. భార్య దగ్గర ఒకటుంటుంది, తోడబుట్టినవాళ్ళ దగ్గర ఒకటి, ఊరి దగ్గర ఒకటి. ఆ మనిషి మొహమైనా చూడనివాళ్ళ దగ్గర కూడా ఒక్కోసారి ఒకటుంటుంది. ఒకదాంట్లో జమ పడింది ఇంకోదాంట్లో ఖర్చు కింద కనిపిస్తుంది. మనం సభల్లో ఒకే పుస్తకం తీసి, అందులోనూ జమ వైపే చదువుతాం. ఈ మాట ఊరికే చెప్పి వెళ్ళిపోతే బాగుండదు కనుక మనుషుల్ని పెట్టుకుని మాట్లాడతాను. అదృష్టం ఏమంటే అందుకు కావలసిన వాళ్ళందరికీ ఈ ఊరితోనో, దీని చుట్టుపక్కలతోనో సంబంధం ఉంది.

ముందు పిల్లల గురించి ఒక్క మాట. ఏటా వేసవిలో ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు తెరిస్తే వార్తల కంటే ముందు పాస్‌పోర్టు సైజు మొహాలు కనిపిస్తాయి. మొహం కింద హాల్ టికెట్ నంబరు, దాని పక్కన ర్యాంకు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో తప్పులు దొర్లాయని ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీ చెప్పింది. ఫెయిలైనవాళ్ళ పేపర్లు మళ్ళీ చూస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. తప్పు ఎవరిదన్న చర్చ అప్పుడు చాలా జరిగింది, జరగాల్సిందే. నన్ను ఇప్పటికీ పట్టి ఉంచింది వేరే సంగతి. పదిహేడేళ్ళ పిల్లకి తన బతుకు మొత్తం ఒకే ఒక్క పుస్తకంలో, అదీ బోర్డు వాళ్ళ కంప్యూటర్‌లో ఉందని నమ్మకం కుదిర్చింది ఎవరు? ఆ పిల్ల వేసే ముగ్గులు, తమ్ముడికి చెప్పే పాఠాలు, నాన్నమ్మకి వేళ తప్పకుండా ఇచ్చే మందులు ఏ ఇంట్లోనూ ఎవరి లెక్కలోనూ లేవా? ఉండే ఉంటాయి. ఉన్నాయని ఎవరూ పైకి అనలేదు.

ఇక శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదువుకుంటూ, పదమూడేళ్ళ వయసులో చుట్టాల కుర్రాడితో కలిసి కాశీకని పారిపోయారు. సన్యాసం కోసం కాదు, యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు చేసుకుందామని. తల్లి వెంకమ్మ గారు వెనక్కి రప్పించి మళ్ళీ బళ్ళో వేశారు. మెట్రిక్ గట్టెక్కేసరికి మూడోసారి అయింది, అదీ మద్రాసు హిందూ హైస్కూలుకు వెళ్ళాక.

స్కూళ్ళలో ఈ కథ చెప్పేవాళ్ళు ఇక్కడ ఆగి, వేలు పైకెత్తి, ‘చూశారా, ఫెయిలైనా ఎంతవాడయ్యాడో’ అంటారు. నాకు ఆ తీరు నచ్చదు. ఆయన గొప్పవాడయ్యాడు కాబట్టే ఆ తప్పడం కథలోకి వచ్చింది. అదే ఏడు, అదే పరీక్ష తప్పి, పక్క బెంచీ మీద తల వంచుకు కూర్చున్నవాడు ఒకడు ఉండే ఉంటాడు. తర్వాత ఏ తాలూకా కచేరీలోనో గుమస్తాగా చేరి, ముగ్గురు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసి, అప్పులు తీర్చి పోయి ఉంటాడు. వాడి ఫెయిలు ఎవరికీ ఆదర్శం కాలేదు. గెలిచినవాడి ఓటములు చెప్పి పిల్లలకు ధైర్యం ఇస్తున్నామనుకుంటాం. నిజానికి ఆ కథలో పిల్లవాడికి వినిపించేది, చివరికి గెలిస్తేనే నీ ఓటమికి క్షమాపణ అని.

సుబ్బారావు గారి దారిలో ఆ తర్వాత కూడా గతుకులే. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టారు. సర్జరీ ప్రొఫెసరుకి అది కిట్టలేదు. బాగా చదివినా ఎం.బి.బి.ఎస్. రాలేదు, ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. కొన్నాళ్ళు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు. 1923లో బోస్టన్ చేరారు. మామగారు సాయపడ్డారు, అది చాలక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. 1925లో హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి, బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. కండరాలు శక్తిని ఎక్కడ దాచుకుంటాయో తేల్చిన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. పరిశోధనలు ఆ దశాబ్దంలోవే. అయినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన చేసిన కొంత పని పక్కవాళ్ళ అసూయ వల్ల వెలుగులోకి రాలేదని, దాన్ని ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టవలసి వచ్చిందని నోబెల్ బహుమతి అందుకున్న జార్జ్ హిచింగ్స్ తర్వాతి రోజుల్లో చెప్పారు. 1940లో సుబ్బారావు గారు లెడర్లీ మందుల కంపెనీకి వెళ్ళిపోయారు. మిగిలింది ఎనిమిదేళ్ళు. ఆ ఎనిమిదేళ్ళలో ఆయన నడిపిన బృందం నుంచి ఫోలిక్ ఆమ్లం తయారీ, ఫైలేరియాకు వాడే డి.ఇ.సి., ఆరియోమైసిన్, పసిపిల్లల రక్త క్యాన్సరు మీద మొదటిసారి పనిచేసిన మందు, దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ వచ్చాయి. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్ళ వయసులో, నిద్రలో పోయారు.

మన గోదావరి, కోనసీమ పల్లెలకు బోదకాలు కొత్త కాదు. నా చిన్నతనంలో ప్రతి వీధిలోనూ కాలు వాచి, పంచె కిందికి లాక్కుని అరుగు మీద కూర్చునే మనిషి ఉండేవాడు. జ్వరం వచ్చిందంటే ఆ వారం కాలు ఇంకో చుట్టు లావెక్కేది. ఈమధ్య ఏళ్ళలో ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి మాత్రలు మింగించడం మీరంతా చూసే ఉంటారు. చిన్నపిల్లకి ఒకటి, బడికెళ్ళే పిల్లాడికి రెండు, పెద్దవాళ్ళకి మూడు. వెంట తెచ్చిన రిజిస్టరులో టిక్కు పెడుతుంది. మింగినవాళ్ళ వేలికి సిరా గుర్తు పెడుతుంది. ‘అన్నం తిన్నావా పిన్నీ? ఖాళీ కడుపు మీద వద్దు. నా ఎదురుగానే మింగు, తర్వాత వేసుకుంటాననకు’ అని గద్దిస్తుంది. గ్లాసు నీళ్ళతో ఆ మూడు మాత్రలూ మింగే పిన్నికి అది భీమవరంలో పుట్టినవాడి మందు అని తెలియదు. తెలియక్కర్లేదు కూడా. మూడు మాత్రల కింద దాగిన ఆ ఖాతా చాలా పెద్దది, అందులో ఎవరి సంతకమూ లేదు.

ఇప్పుడు రెండో పుస్తకం తెరుస్తాను. ఆయన అమెరికా ఓడ ఎక్కేనాటికి భార్య శేషగిరి గారు కడుపుతో ఉన్నారు. ఆయన ఇక తిరిగి రాలేదు. పుట్టిన కొడుకు తండ్రి మొహం చూడకుండానే పసితనంలోనే పోయాడు. రెండు మూడేళ్ళలో వస్తానని వెళ్ళిన మనిషి కోసం ఎదురుచూపు పాతికేళ్ళు సాగి, ఒక చావు కబురుతో ఆగింది. వార్షికోత్సవాల్లో సుబ్బారావు గారి గురించి ఉపన్యాసాలు నేను చాలా విన్నాను. అందులో శేషగిరి గారికి వచ్చేది ఒక వాక్యం. ఆ వాక్యంలోనూ ఆవిడ త్యాగం చేసిందంటారు. త్యాగం అంటే తెలిసి, ఇష్టపడి ఇచ్చేది. ఆవిడని ఎవరైనా అడిగారా?

ఇక్కడ మనకు ఒక తొందర పుడుతుంది. లక్షల ప్రాణాలు ఒకవైపు, ఒక్క కాపురం ఇంకోవైపు పెట్టి, ఇంతకీ లాభమే కదా అనేస్తాం. ఆ కూడికలు తీసివేతలు చేసే హక్కు మూడో మనిషికి లేదని నా అభిప్రాయం. ఆ మందులతో బతికిన పిల్లాడి తల్లి అనొచ్చు, ఆయన జన్మ ధన్యమని. శేషగిరి గారు అనొచ్చు, నా బతుకు ఎండిందని. రెండూ నిజాలే. ఒకదాంతో ఇంకోదాన్ని కొట్టెయ్యకుండా, రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆ మనిషిని గౌరవించడం మనకి చేతకావాలి. సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరు ఎనిమిది రోజుల తేడాతో పోయారు, అందులో పురుషోత్తం గారిని స్ప్రూ జబ్బు తీసుకెళ్ళింది. ఆ జబ్బుకి పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లం తమ్ముడి ప్రయోగశాల నుంచే వచ్చింది, పాతికేళ్ళు ఆలస్యంగా. ఆయన్ని అంతకాలం అక్కడ కట్టి పడేసింది ఏమిటో ఊహించగలం. ఆ ఊహ శేషగిరి గారి పుస్తకంలో ఒక్క అంకెనీ మార్చదు.

ఇలాంటి ఖర్చు ఇంకో రకంగా జరిగిన ఇల్లు ఈ ఊళ్ళోనే ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం చేయించారు. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. ఊరు వెలేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారు బిందె పట్టుకుని గోదారికి వెళ్ళారు. ఊరు చూస్తుండగా నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళివారందరికీ వండి పెట్టారు. గోదారి రేవు మెట్లు ఎక్కినవాళ్ళకి తెలుసు, నిండు బిందెతో ఎక్కడం ఎలా ఉంటుందో. దానికి తోడు మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ళ మాటలు. పంతులు గారు పత్రికలో రాసిన వ్యాసాలన్నీ ఒకవైపు, ఆ బిందె ఒకవైపు పెడితే నేను బిందె వైపే మొగ్గుతాను. ఆ తర్వాత కూడా ఆవిడ ఆ ఇంటికి చేరిన వితంతువులకు తల్లిగా నిలబడ్డారు. అందుకే 1910లో ఆవిడ పోయాక పంతులు గారు సగమైపోయారంటే ఆశ్చర్యం లేదు. 1919లో ఆయన మద్రాసులో, కొమర్రాజు లక్ష్మణరావు గారి ఇంట్లో కన్నుమూశారు. ఆస్తి అప్పటికే హితకారిణీ సమాజానికి రాసేశారు.

అంకెలు చూసేవాడు ఒక మాట అంటాడు. పంతులు గారి హయాంలో జరిగిన వితంతు వివాహాలు పదుల్లోనే ఉన్నాయి కదా, దేశంలో బాలవితంతువులు లక్షల్లో ఉంటే, ఇది విజయమెలా అవుతుంది? అలా చూస్తే కాదు. కానీ గౌరమ్మ పుస్తకం తెరిస్తే? తల గొరిగించుకుని ఒక మూల గదిలో ముగియవలసిన జీవితానికి పసుపు కుంకుమ, ఒక కాపురం వచ్చాయి. ఆ పుస్తకంలో నూటికి నూరు. ఉద్యమాలను శాతాల్లో కొలిచేవాళ్ళు ఇలాంటి పుస్తకాలు తెరవరు. తెరవకపోవడం వల్లనే చాలామంది మంచివాళ్ళు తమ జీవితాలు వృథా అయ్యాయనుకుని పోతుంటారు.

అలా అనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్న మనిషి గిడుగు రామమూర్తి గారు. వాడుక భాష కోసం ఆయన, గురజాడ కలిసి చేసిన పోరులో మొదట ఓటమే దక్కింది. 1914 ప్రాంతంలో పరీక్షల్లో వాడుక భాషకు దొరికిన కొంచెం చోటూ జారిపోయింది. గురజాడ అసమ్మతి పత్రం రాశారు. 1915 నవంబరులో, ఓడిన పక్షంలో ఉండగానే, వెళ్ళిపోయారు. ఆయన ఆఖరి రోజుల్లో ఎవరైనా వెళ్ళి మీ జీవితం సఫలమైందా అని అడిగితే ఏమని ఉండేవారో! గిడుగు ఇంకో పాతికేళ్ళు ఉన్నారు కాబట్టి గాలి మళ్ళడం కొంతవరకు చూశారు. ఇప్పుడు ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ రోజు వేదికల మీద వినిపించే తెలుగు వింటే ఆయన ఏమంటారో అన్నది వేరే ఉపన్యాసం.

ఆ రోజున సరిగ్గా తెరవని పుస్తకం ఒకటుంది. పర్లాకిమిడి రాజా వారి బళ్ళో పనిచేస్తూ గిడుగు సవర భాష నేర్చుకున్నారు. కొండలెక్కి తిరిగారు. ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా రాసుకున్నారు. సొంత డబ్బుతో సవర పిల్లలకు బళ్ళు పెట్టారు, తెలుగు లిపిలో వాళ్ళ భాషకు వాచకాలు రాశారు. సర్కారు ఇవ్వబోయిన బహుమానం వద్దని, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారని చెబుతారు. ఆ కొండల్లో పట్టుకున్న మలేరియాకి క్వినైన్ మింగి మింగి చెవులు పోయాయి. మాట ఎలా పలుకుతుందో వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఆ పనే వినికిడి తీసేసింది. అయినా పుస్తకాలు ఆపలేదు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిపోతే, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు వదిలి ఈ రాజమండ్రి వచ్చేశారు. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికల వాళ్ళను ఉద్దేశించి మాట్లాడారు. 22న కన్నుమూశారు.

సవరల ఖాతాలో ఆయన పేరిట ఏముంది? ఆయన పెట్టిన బళ్ళు నిలవలేదు. పైకి చూస్తే శూన్యం. అయితే ఈ శతాబ్దం మొదట్లో మన రాష్ట్రంలో గిరిజన పిల్లలకు మొదటి తరగతులు సొంత భాషలో చెప్పాలని తలపెట్టినప్పుడు, సవరకు తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. అది గిడుగు నూరేళ్ళ క్రితం వేసిన బాటే. సీతంపేట కొండల్లో ఒకటో తరగతి పిల్ల తన ఇంటి మాటని అచ్చులో మొదటిసారి చూసుకుంటే, అందుకు ఎవరికి జమ కట్టాలో ఆ పిల్లకి తెలియదు. మనకైనా తెలియాలి కదా. ఆగస్టు 29న ఆయన తెలుగు కోసం చేసింది గంట చెప్పి, సవర కోసం చేసింది ‘ఇంకా’ అనే మాటతో మొదలుపెట్టి అరనిమిషంలో ముగిస్తాం. మనకి ఉపకారం జరిగిన పుస్తకమే మనకి ముద్దు.

ధవళేశ్వరం గురించి ఎక్కువ చెప్పను, మీకు నాకంటే బాగా తెలుసు. 1852లో ఆనకట్ట పూర్తయింది, డెల్టా పండింది, కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి. ఆయన మనసులో మాత్రం దేశం నదులన్నీ కాలవలతో కలిపి పడవలు నడపాలనే పెద్ద పథకం ఉండేది. సర్కారు రైళ్ళ వైపు మొగ్గింది, ఆ పథకం మూలపడింది. ఆయన సొంత లెక్కలో ఆయన సగమే గెలిచినవాడు కావచ్చు. కూలీలను కూడగట్టి ఆయన పక్కన నిలిచి పనిచేయించిన వీణెం వీరన్న గారి పేరు ధవళేశ్వరం దాటితే వినిపించదు. రాళ్ళు మోసినవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక ఆనకట్టని ఒకే ఒక్క మనిషి విజయంగా రాసుకోవడం మనకి సౌకర్యంగా ఉంటుంది. అంతే.

గొప్పవాళ్ళను వదిలి మన ఇళ్ళలోకి వద్దాం. ఇది అసలు చెప్పాలనుకున్న భాగం. మన జిల్లాల్లో ఇవాళ ఏ పెళ్ళిలోనైనా పరిచయాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ‘మా పెద్దాడు డల్లాస్‌లో ఉంటాడు, అమ్మాయి మెల్‌బోర్న్, రెండోవాడు...’ అని ఒక్క క్షణం ఆగి, ‘వాడు ఇక్కడే’ అంటారు. ఆ ఇక్కడే ఉన్నవాడు అప్పుడు కేటరింగు వాడితో గొడవపడుతూ ఉంటాడు, పెరుగు తక్కువొచ్చిందని.

ఆ ఇక్కడే ఉన్నవాడి రోజు ఒకటి చెబుతాను. పొద్దున్న ఐదున్నరకి నాన్నగారి షుగరు చూస్తాడు. ఏడింటికి ఆయన్ని డయాలసిస్‌కి ఆటోలో తీసుకెళతాడు. సూది గుచ్చేముందు చెయ్యి ఎటు తిప్పాలో నర్సు కంటే వాడికే బాగా తెలుసు. పన్నెండింటికి కొట్టు తెరుస్తాడు. సాయంత్రం అమెరికా నుంచి అన్నయ్య వీడియో కాల్ చేస్తాడు, నాన్నగారి మొహం కనబడేలా ఫోను పట్టుకుని నిలబడేది వాడే. ఫోనులో అన్నయ్య, ‘నాన్నా, డబ్బుల గురించి ఆలోచించకు, నేనున్నానుగా’ అంటాడు. నిజమే, ఉన్నాడు. డబ్బు పంపిస్తున్నాడు, అదేం చిన్న సంగతి కాదు, ఆ డబ్బు లేకపోతే ఆ డయాలసిస్ లేదు. ఆ అన్నయ్య కూడా చలిలో, వీసా భయంలో, ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలియని బతుకు బతుకుతున్నాడు. నేను ఇద్దరికీ తగువు పెట్టడం లేదు. నా గొడవల్లా బంధువుల గురించి. నాన్నగారు పోయిన పదమూడో రోజున విస్తళ్ళ దగ్గర కూర్చుని, ‘పెద్దాడు ప్రయోజకుడయ్యాడు, చిన్నాడే పాపం’ అనేవాళ్ళు ఏ పుస్తకం చూసి మాట్లాడుతున్నారు? చాలా ఇళ్ళలో ఆ చిన్నాడు అబ్బాయి కూడా కాదు, పెళ్ళి మానుకుని ఉండిపోయిన ఆడపిల్ల. ఆవిడకి ‘పాపం’ అన్న మాట కూడా దక్కదు.

ఇంత విన్నాక మీలో ఒకరు లేచి అడగొచ్చు. ‘అలాగైతే ఎవరి పుస్తకం వాళ్ళదే కదా, చెరువులు కబ్జా చేసినవాడు కూడా వాళ్ళావిడ పుస్తకంలో మహానుభావుడే, మనవలకి ఫ్లాట్లు రాసిపెట్టాడు’ అని. ఇది సరైన అభ్యంతరం. నా జవాబు ఇది. అన్ని పుస్తకాలకూ ఒకే విలువ లేదు. ఎవరికి లాభం చేరిందో వాళ్ళ మాట చివర వినాలి. ఎవరి దగ్గర్నుంచి ఖర్చయిందో వాళ్ళ మాట ముందు వినాలి. కబ్జా చేసినవాడి విషయంలో చెరువు కింద రైతుని అడగండి. సుబ్బారావు గారి విషయంలో శేషగిరి గారిని అడగండి. డల్లాస్ అన్నయ్య విషయంలో తమ్ముణ్ణి, తమ్ముడి భార్యనీ అడగండి, ముఖ్యంగా భార్యని. వాళ్ళు కాదంటే ఆ బతుకు వృథా అని నేననను, శేషగిరి గారి దగ్గర ఆ సంగతి చూశాం. వాళ్ళని అడగకుండా ఇచ్చే శాలువా మాత్రం చెల్లదంటాను.

ఇప్పుడు మాస్టారు. ఆయన ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పారు, ప్రమోషన్లు వచ్చినా ఊరు మారలేదు. ఆయన శిష్యుల్లో ఇంజనీర్లు, కలెక్టరు కచేరీ వాళ్ళు, ఈ సభకి చందాలిచ్చిన డాక్టర్లు ఉన్నారు. వాళ్ళ జాబితా ఆయన దగ్గర లేదు. ఆయన దగ్గర ఉన్నది వేరే పుస్తకం. పొడుగాటి రూళ్ళ నోటుబుక్కు, అట్టకి బ్రౌన్ కాగితం. అందులో బడి మానేసిన పిల్లల పేర్లు. పేరు పక్కన ఏ తరగతిలో మానేశారో, ఎందుకో. ‘అమ్మ కువైట్ వెళ్ళింది.’ ‘ఇటుక బట్టీ.’ ‘రొయ్యల చెరువు కాపలా.’ ‘పెళ్ళి చేసేశారు.’ కింద, వేరే వేరే సిరాలతో, ఏళ్ళ తర్వాత రాసిన ముక్కలు. ‘ప్రైవేటుగా పది కట్టాడు, లెక్కలు పోయింది.’ ‘మళ్ళీ కట్టాడు.’ ‘పాసు.’ కొన్ని పేర్ల కింద ‘లారీ మీద ఉన్నాడు, బాగున్నాడు’ అని. కొన్నింటి కింద ఖాళీ. ఆదివారాలు సైకిలు మీద వాళ్ళ ఇళ్ళకి వెళ్ళేవారు, ఫీజు తనే కట్టి, పరీక్షకి కూర్చోబెట్టేవారు. ఆ పుస్తకం నేను చూశాను, వాళ్ళమ్మాయి చూపించారు.

చూపిస్తూ ఆవిడ ఒక మాట అన్నారు. ‘ఆదివారాలు నాన్న మాకు దొరికేవారు కాదండీ. పండగ ఆదివారం వచ్చినా అంతే.’ ఫిర్యాదులా అనలేదు. కానీ అన్నారు. ఆవిడ ముందు వరసలోనే ఉన్నారు, ఇది చెప్పడానికి అనుమతి తీసుకున్నాను.

చివరగా నిర్వాహకులకు ఒక విన్నపం. మాస్టారి నిధి వడ్డీతో ఏటా పదో తరగతిలో మొదటి మార్కు వచ్చిన పిల్లలకి బహుమతి ఇస్తున్నారు. దాన్ని తీసెయ్యమని నేననను, ఆ పిల్లలు కష్టపడ్డారు. దాని పక్కన ఇంకొకటి పెట్టండి. బడి మానేసి, ఎన్నేళ్ళకైనా తిరిగొచ్చి, ఓపెన్ స్కూల్లోనో సప్లిమెంటరీలోనో పది గట్టెక్కినవాళ్ళకి. మార్కులు అడక్కండి. వయసుకి పరిమితి పెట్టకండి, నలభై ఏళ్ళ కోడలు కట్టినా ఇవ్వండి. ఎవరికివ్వాలో హెడ్మాస్టరు ఒక్కరే తేల్చకూడదు. ఆ బళ్ళో అన్నం వండే ఆవిడని కూడా అడగండి, ఎవరు ఎందుకు మానేశారో ఆవిడకి తెలిసినంత రిజిస్టరుకి తెలియదు. బహుమతి ఇచ్చేరోజు పిల్లతోపాటు, ఆ పిల్ల చదువుకోవడానికి ఇంట్లో ఎవరు పని నెత్తిన వేసుకున్నారో వాళ్ళనీ వేదిక మీదకి పిలవండి.

నాకు ఇస్తామన్న కవరుని ఆ నిధికి మొదటి చందాగా రాసుకోండి. రసీదు మాత్రం నా పేరున వద్దు, మాస్టారి అమ్మాయి పేరున రాయండి.